ఆవపొడి డబ్బాలో తేనెపీక

శనివారం పడవలన్నీ వచ్చి కట్టేశాక, లాంప్రీ రేవులో చంటిపిల్లలున్న ఇళ్ళల్లో తేనెపీకలు ఉడకబెడతారు. గిన్నెలో నీళ్ళు మరిగించి, చిటికెడు ఉప్పేసి, వారమంతా పిల్ల చీకిన పీకని అందులో పడేసి వెంటనే మూతపెట్టాలి. లేకపోతే ఇల్లు ఠారెత్తిపోతుంది. పీక మింగిన ఏడుపంతా ఆవిరితోపాటు ఒక్కసారిగా బయటికొస్తుంది మరి. ఓపికున్నవాళ్ళు గిన్నెని పెరట్లోకి మోసుకెళ్ళి, ఇటు బట్టలారేసుకుంటూ మూత తీస్తారు. లేనివాళ్ళు వంటింట్లోనే తీసేసి రేడియో గొంతు పెంచుతారు.

న్యూఫౌండ్‌లాండ్ దక్షిణపు ఒడ్డున, ఫెర్రీ ఎక్కితే తప్ప చేరలేని దీవి అది. పడవలు సముద్రం మీద ఉన్నంతసేపూ ఒడ్డున పసిబిడ్డ ఏడుపు వినపడకూడదని అక్కడ కట్టుబాటు. వినపడితే పడవ దారి తప్పుతుందట. ఇప్పుడు పడవల్లో దారి చూపించే పెట్టెలొచ్చాయి, మీట నొక్కితే మనమెక్కడున్నామో అంకెలతో సహా చెప్తాయి. అయినా ఆచారం ఆచారమే. పీతల కాలంలో పడవలు ఒడ్డున ఉండేదే తక్కువ కాబట్టి, వసంతంలో పుట్టిన పిల్ల నోట్లో పీక ఉండని పూటంటూ ఉండదు.

ఉడకబెట్టే రోజున బాలింతలు చొక్కా లోపల తువ్వాలు మడిచి పెట్టుకుని తిరుగుతారు. ఆకలేడుపు చెవిన పడితే చాలు, అది ఎవరి బిడ్డదైనా సరే, చేపు వచ్చి చొక్కా తడిసిపోతుంది. పళ్ళొచ్చే ఏడుపుకి రాదు, మంకుపట్టు ఏడుపుకి రాదు. ఏది ఏ ఏడుపో ఒంటికి తెలుసు.

ఆ శనివారం ఫిలొమినా గిన్నె మోగలేదు.

పెరట్లో రాయి మీద గిన్నె దింపి మూత తీసింది. ఆవిరొచ్చింది. నీళ్ళు కుతకుతమన్నాయి. అంతే. కంచెకి అవతల తెరీస్ గిన్నె మాత్రం ఊరెగిరిపోయేలా గోలపెడుతోంది. ఆమె కొడుక్కి పళ్ళొస్తున్నాయి.

"ఏం పిన్నీ, మీ మనవరాలు మూగనోము పట్టిందా?" అంది తెరీస్ బట్టల క్లిప్పు పళ్ళమధ్య పెట్టుకుని.

"బుద్ధిమంతురాలమ్మా అది. నీ కొడుకులా ఊరిని నిద్ర లేపే రకం కాదు."

"వాడికి తండ్రి పోలిక. పళ్ళెం ముందుకు రావడం కాస్త ఆలస్యమైతే ఆయనా అంతే."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఫిలొమినాకి గర్వంగానే ఉంది. పుట్టి నెల తిరగని పిల్ల, వారంలో ఒక్క ఏడుపైనా దాచుకోలేదంటే మాటలా. కానీ వంటింట్లోకి వెళ్ళాక, ఎందుకైనా మంచిదని ఇంకాసిని నీళ్ళుపోసి పీకని మళ్ళీ మరిగించింది. ఈసారి చెవి దగ్గరపెట్టి విన్నది. కిందటి శనివారం ఇదే పీక సన్నగానైనా ఏడ్చింది. అంతకుముందు శనివారమైతే గుక్కపట్టి ఏడ్చింది. ఆమె గిన్నె కడిగి బోర్లించి, ఆ సంగతి కోడలికి చెప్పలేదు.

కోడలు డెనీస్ పక్క రేవులో పుట్టిన పిల్ల. అక్కడ ఈ కట్టుబాటు లేదు. బిడ్డకి తన పాలే ఇవ్వాలని కడుపుతో ఉన్నప్పటినుంచీ ముచ్చటపడింది. ఫిలొమినా వద్దనలేదు. ఆమె చేసిందల్లా ఒక్కటే. మనవరాలు నోరా పెదవులు కదిపితే పీక, తల అటూ ఇటూ తిప్పి దేన్నో వెతుక్కుంటే పీక, పిడికిలి నోట్లో పెట్టుకోబోతే పీక. "నువ్వు పడుకో అమ్మాయ్, పచ్చి ఒళ్ళు. ఏడ్చినప్పుడు లేపుతాలే," అనేది. పిల్ల ఏడిస్తే కదా లేపడం! పీక నోట్లో ఉన్న పిల్ల చీకి చీకి అలిసిపోయి నిద్రపోయేది. డెనీస్ కూడా నిద్రపోయేది. మొదట్లో బండల్లా గట్టిపడి సలిపిన రొమ్ములు మెల్లిగా మెత్తబడ్డాయి. సలుపు తగ్గిందని ఆ పిచ్చితల్లి సంతోషపడింది కూడా.

ఫిలొమినా చెయ్యి అంత చురుగ్గా పీక కోసం వెళ్ళడానికి కారణం ఊరందరికీ తెలుసు.

పెళ్ళయిన కొత్తలో ఆమెకి లియో అని కొడుకు పుట్టాడు. వాడు నెలలోపు పిల్లాడుగా ఉండగా పెద్దగాలి వచ్చింది. ఆమె భర్త ఆంబ్రోస్‌తో సహా రేవులో మగవాళ్ళంతా సముద్రం మీదే చిక్కుకుపోయారు. గాలి ఆగలేదు, పడవలు రాలేదు. ఫిలొమినా భయంతో కొయ్యబారిపోయింది. పాలు గడ్డకట్టి రొమ్ము పట్టించబోతే ప్రాణం పోయేది. పీక తీస్తే వాడు ఏడుస్తాడు, ఏడిస్తే పడవలు పోతాయి. ఆమె పీక తియ్యలేదు. అత్తగారూ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ చుట్టూ కూర్చుని జపమాల తిప్పుతూ, భేష్ అమ్మా, కాసేపు, ఇంకాసేపు అన్నారు. గాలి తగ్గాక పడవలన్నీ తిరిగొచ్చాయి, ఒక్కటి కూడా తగ్గకుండా. లియో మాత్రం లేడు.

నిద్రలోనే దేవుడు తీసుకుపోయాడన్నాడు చర్చి ఫాదర్. కిక్కురుమనకుండా పడవల్ని ఒడ్డు చేర్చిన తల్లి అన్నది ఊరు. ఆ పేరు ఆమెకి ఈనాటికీ ఉంది. పెళ్ళిళ్ళలో ముందు వరసలో కూర్చోబెడతారు. ఆ తర్వాత జెరార్డ్, ఇప్పటి డెనీస్ మొగుడు, పుట్టినప్పుడు ఆమెకి చుక్క పాలు పడలేదు, వాడు డబ్బాపాలతోనే పెరిగాడు.

లియో పీకని ఆమె ఎన్నడూ ఉడకబెట్టలేదు. ఖాళీ ఆవపొడి డబ్బాలో వేసి, పొయ్యి మీది అరలో టీ పొడి వెనకాల పెట్టింది. ఉడకబెడితే ఏమీ వినపడకపోవచ్చు. అప్పుడు ఫాదర్ చెప్పిందే నిజమవుతుంది, వాడు నిద్రలోనే పోయినట్టు. వినపడితే? ఆ మాట దగ్గరికొచ్చేసరికి ఆమె ఏదో ఒక పని కల్పించుకునేది. ఏళ్ళు గడిచాయి. ఇంట్లో ఎవరూ ఆ డబ్బా ముట్టుకోరు, ఎందుకని అడగరు.

సోమవారం తెల్లారకముందే పడవలు వెళ్ళిపోయాయి, జెరార్డ్‌ది కూడా. పొద్దున ఫెర్రీలో నర్సమ్మ వచ్చింది. తిరిగి అదే ఫెర్రీకి వెళ్ళిపోవాలి కాబట్టి కోటు కూడా విప్పలేదు. నోరాని బట్టలు తీసి త్రాసులో వేసింది. ముల్లు చూసి, పిల్లని తీసి, మళ్ళీ వేసింది.

"పుట్టినప్పటికంటే తగ్గింది," అంది. "ఎన్నిసార్లు పాలిస్తున్నావమ్మా?"

"ఏడ్చినప్పుడల్లా," అంది డెనీస్. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "ఈమధ్య అసలు ఏడవడం లేదు."

నర్సమ్మ పిల్ల మాడు మీద వేలు పెట్టి చూసింది. లోపలికి గుంట పడింది. చర్మం పైకి లాగితే లాగినట్టే ముడత నిలబడింది.

"మంచి పిల్లేనమ్మా, ఏ రోగమూ లేదు. ఆకలి, అంతే."

"పీక వల్ల ఏమీ కాదు," అంది ఫిలొమినా గబుక్కున. ఆమెని ఎవరూ అడగలేదు. "తెరీస్ కొడుకు మూడుపూటలా చీకుతాడు. చూడండి, పందిపిల్లలా ఉన్నాడు."

"పీక తప్పని నేననలేదు. వాడు కడుపునిండా తాగి, ఆ తర్వాత చీకాడు. తల్లికి పాలు బాగా కుదురుకున్నాక, పిల్ల బరువు పెరుగుతున్నాక పీకతో అంత ముప్పేమీ లేదు. ఇక్కడ పిల్ల అన్నం అడిగిందండీ, మీరు రబ్బరు పెట్టారు. అడిగీ అడిగీ మానేసింది. అది తాగితేనే ఈమెకి ఊరేది. తాగకపోతే ఎవరికోసం ఊరుతుంది?" నర్సమ్మ సంచిలోంచి పొడిపాల డబ్బా తీసి బల్లమీద పెట్టింది. "ఊరికే పడుకోనివ్వకండి. అరికాళ్ళు రుద్ది లేపండి, రొమ్ము పట్టించండి, తర్వాత ఇది చెంచాతో పొయ్యండి. ఇవాళ్టి ఫెర్రీ చిన్న రేవులన్నీ తిరుగుతుంది, ఆసుపత్రివైపు పోదు. రేపు పొద్దుటి ఫెర్రీకి పిల్లని పెద్దాసుపత్రికి తీసుకొచ్చెయ్యండి. నేను చెప్పి ఉంచుతాను. ఆలస్యం చెయ్యొద్దు."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ ఇంట్లో అడిగిన నోటికే మూత పెట్టారు. ఫిలొమినా నర్సమ్మని గుమ్మం దాకా సాగనంపి వచ్చి, పీకని గౌను జేబులో వేసుకుంది. ఆ రోజు దాన్ని బయటికి తియ్యలేదు.

మంగళవారం తెల్లారేసరికి గాలి. కిటికీ అద్దాలు కటకటలాడుతున్నాయి. ఫెర్రీ కట్టేశారని రేడియో చెప్పింది. హెలికాప్టరు కోసం ఆసుపత్రికి ఫోను చేస్తే, ఈ గాలిలో ఎగరదు, తగ్గగానే పంపిస్తామన్నారు. పడవల సంగతి రేడియో ఏమీ చెప్పలేదు.

డెనీస్ పొయ్యి పక్కన కూర్చుని పొద్దుటినుంచీ చెయ్యాల్సిందంతా చేస్తూనే ఉంది. అరికాళ్ళు రుద్దింది. తడిగుడ్డతో మొహం తుడిచింది. రొమ్ము నోటికి తాకించింది. నోరా పెదవులు తెరవలేదు. చెంచాతో పోసిన పొడిపాలు పెదవి చివరనుంచి కారి మెడకింద మడతలోకి పోయాయి. డెనీస్ రొమ్ము చేత్తో పిండుకుంటే రెండు చుక్కలు మెరిసి ఆగిపోయాయి.

"నాకేమీ లేదత్తయ్యా," అంది. గొంతులో ఏడుపు కూడా లేదు. "దానికి అడగడం చేతకావడం లేదు, నాకు ఇవ్వడం చేతకావడం లేదు. ఏడిస్తే బాగుండు. ఒక్కసారి ఏడిస్తే నాకు వచ్చేదేమో."

పొయ్యికి అటుపక్క కుర్చీలో ఆంబ్రోస్ ఆరిపోయిన చుట్ట పట్టుకుని కూర్చున్నాడు.

ఫిలొమినా జేబులోంచి నోరా పీక తీసి నీళ్ళల్లో వేసింది. మరిగింది. ఏమీ లేదు. తెరీస్ ఇంటికి పరిగెత్తి ఆమె కొడుకు పీక అడిగి తెచ్చింది, తలగుడ్డ గాలికి ఎగిరిపోకుండా బిగించుకుని. దాన్నీ మరిగించింది. పళ్ళ ఏడుపు, కోపం ఏడుపు వంటింట్లో గిరగిరా తిరిగాయి. డెనీస్ చొక్కా పొడిగానే ఉంది. నోరా కనురెప్ప కదలలేదు.

అప్పుడు ఫిలొమినా అరవైపు చూసింది.

అక్కడే నిలబడిపోయింది. కొడుకు సముద్రం మీద ఉన్నాడు. బయట అదే గాలి, ఆనాటి గాలే. ఆమెకి జెరార్డ్ ఒక్కడే మిగిలాడు. వాడి పిల్ల ఇక్కడ చేతికింద చల్లబడుతోంది. టీ పొడి డబ్బా పక్కకి జరిపి వెనకాల చెయ్యిపెట్టింది. మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఆంబ్రోస్ లేచి, చాకుతో అంచు తప్పించి ఇచ్చాడు.

డెనీస్ చూసింది. ఆ డబ్బా ఏమిటో ఆమెకీ తెలుసు. "జెరార్డ్ బయట ఉన్నాడు అత్తయ్యా," అంది.

"ఉన్నాడు. వాడు నా కొడుకే. పిల్లని రొమ్ముకి ఆనించి పట్టుకో."

ముసలి రబ్బరు నల్లబడి, పగుళ్ళిచ్చి ఉంది. నీళ్ళల్లో వేస్తే తేలింది. ఫిలొమినా మూత పెట్టలేదు. మూత చేత్తో పట్టుకుని గిన్నె ముందు నిలబడింది.

మొదట నీళ్ళ చప్పుడే. ఆమెకి ఒక్క క్షణం గుండె తేలికపడింది, ఫాదర్ చెప్పింది నిజమే అనుకుంది. ఆ వెంటనే వచ్చింది. పచ్చి పసికందు ఏడుపు, గుక్క తిప్పుకోకుండా, ఆగి ఊపిరి లాక్కుని మళ్ళీ మొదలయ్యే ఏడుపు. అది ఏ ఏడుపో చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు. కన్నతల్లికి తెలుసు. వాడు నిద్రలో పోలేదు. వాడు అడిగాడు. అడిగినంతసేపూ ఆమె పక్కనే కూర్చుని జపమాల తిప్పింది.

డెనీస్ "అమ్మా" అంది నొప్పితో. చొక్కా రెండు వైపులా తడిసింది. తడి పెద్దదై, బొట్లు బొట్లుగా నోరా చెంపమీద పడింది. లియో ఏడుస్తూనే ఉన్నాడు. నోరా నుదురు ముడతపడింది. మెడ కదిలింది. పక్కన ఇంకో పసిబిడ్డ ఏడుస్తుంటే ఏ పసిబిడ్డ ఊరుకుంటుంది? గడ్డం వణికి, నోరు తెరుచుకుని, ఈగ రొదంత సన్నగా ఏడ్చింది. తెరిచిన నోటికి డెనీస్ రొమ్ము అందించింది. పాలు తమంతట తామే కారుతున్నాయి, పిల్ల మొదట్లో చీకనక్కరలేకపోయింది, మింగితే చాలు. మింగింది. దగ్గింది. మళ్ళీ మింగింది. కాసేపటికి దవడ కదలడం మొదలైంది.

ఫిలొమినా అటు తిరగలేదు. గిన్నె వింటోంది. ఏడుపు మెల్లిగా బలం తగ్గింది. మధ్య మధ్య ఖాళీలు పెద్దవయ్యాయి. తర్వాత ఏడుపు కాదు, మూలుగు. తర్వాత అదీ లేదు, పీక చీకిన చప్పుడు మాత్రం, చప్పచప్పమని, చాలాసేపు. ఎక్కడ ఆగిపోయాడో ఆమె విన్నది. ఒంట్లో ఎప్పుడో ఎండిపోయిన రొమ్ములు రెండూ చేపు వచ్చినట్టు సలిపాయి. వయసు మీరిన ఒంట్లో పాలెక్కడివి, ఏమీ రాలేదు. చేతులు రెండూ ఎదకి అదుముకుని, నీళ్ళు ఇగిరిపోయి గిన్నె అడుగు మాడబోయేదాకా అక్కడే నిలబడింది. ఆంబ్రోసే వచ్చి పొయ్యి ఆర్పాడు.

గాలి తగ్గాక హెలికాప్టరు వచ్చి తల్లినీ పిల్లనీ తీసుకుపోయింది. అది వచ్చేలోపే నోరా రెండుసార్లు లేచి అడిగి తాగింది. బతుకుతుంది, సమయానికి కడుపులో కాసిని పాలు పడ్డాయన్నారు ఆసుపత్రిలో.

పడవలు గురువారం వచ్చాయి. జెరార్డ్ ఆసుపత్రికి బయల్దేరేముందు పొడిబట్టలకోసం ఇంటికొచ్చాడు. తల్లి పెట్టిన ఉప్పుచేప, బంగాళాదుంపలు నిలబడే తింటున్నాడు.

"మంగళవారం మధ్యాహ్నం నీకేమైనా వినపడిందా?" అని అడిగింది ఫిలొమినా.

"ఏం వినపడుతుందమ్మా?"

"ఏడుపు."

"ఇంజను మోతలో పక్కనున్నవాడు నా తాతముత్తాతల్ని తిడుతున్నా వినపడదు. ఇక ఆ గాలిలో ఒడ్డున ఏడుపా?" నవ్వాడు, అమ్మ మొహం చూసి ఆపేశాడు. బూట్లు తొడుక్కుని ఫెర్రీకి వెళ్ళిపోయాడు.

వంటింట్లో ముసలివాళ్ళిద్దరే మిగిలారు.

"అప్పుడూ అంతేనే," అన్నాడు ఆంబ్రోస్.

ఫిలొమినా పళ్ళెం కడుగుతోంది. "ఏమన్నావు?"

"మా పాత ఇంజన్లు ఇంకా మోత. ఒడ్డున ఫిరంగి పేల్చినా వినపడేది కాదు. మా నాన్నకీ వినపడలేదు, నాకూ ఎప్పుడూ వినపడలేదు."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమయ్యా?"

ఆయన చుట్ట అటూ ఇటూ తిప్పాడు. "నేనొచ్చేసరికి వాణ్ణి పెట్టెలో పెట్టేశారు. ఊరంతా వాకిట్లో నిలబడి నిన్ను పొగుడుతున్నారు. నీకు మిగిలింది ఆ మాటొక్కటే. అదీ నేనే లాక్కోనా?"

ఆమె కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడిగింది.

ఆ శనివారం ఆమె లియో పీకని మళ్ళీ ఉడకబెట్టింది. తలుపులు వేసుకుని, రేడియో ఆపేసి, ఒక్కత్తే కూర్చుంది. వాడి గొంతు ఆమెకి ఒక్కసారి, ఇంకొక్కసారి కావాలి. నీళ్ళు మరిగాయి. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. పీకలో ఉన్నదంతా నోరాకే ఖర్చయిపోయింది. ఆమె దాన్ని తుడిచి డబ్బాలో వేసి, మళ్ళీ టీ పొడి వెనకాలే పెట్టింది.

జూన్ వచ్చేసరికి నోరా బుగ్గలు నిండాయి, మోచేతుల దగ్గర మడతలు పడ్డాయి. ఒకరోజు పడవలన్నీ బయట ఉండగా, డెనీస్ పెరట్లో బట్టలారేస్తుండగా, వంటింట్లో ఉయ్యాల్లో పిల్ల ఏడుపందుకుంది. కంచె అవతలి తెరీస్ చేతిలో పని వదిలేసి వంటింట్లోకి వచ్చింది. వీధిలో ఒకళ్ళిద్దరు ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

"పిన్నీ," అంది తెరీస్ గొంతు తగ్గించి, "పడవలు ఇంకా రాలేదు."

"నాకు తెలుసమ్మా."

ఫిలొమినా వంటింటి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. ఏడుపు వీధిలోకి, రేవులోకి, నీళ్ళమీదకి పోయింది. గుమ్మాల్లో ఉన్నవాళ్ళు కదల్లేదు.

"డెనీస్," అని పిలిచింది, "పిల్ల అడుగుతోంది, రా."